పేరంటాలపల్లిని ఎవరు అడగాలి?

పేరంటాలపల్లి ఎన్నడూ తన చోటు విడిచి కదలలేదు. కదిలినవి దాని చుట్టూ గీసిన గీతలు. నిజాం ఏలుబడిలో అది హైదరాబాద్ సంస్థానంలోని వరంగల్ జిల్లా, పాల్వంచ తాలూకా అడవుల్లో ఒక పల్లె. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1956లో ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాకు మారింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా పుట్టడంతో దాని చిరునామా మరోసారి మారింది. ఈ మార్పులలో ఏ ఒక్కటీ ఆ ఊరు కోరి తెచ్చుకున్నది కాదు. ఇక మిగిలింది ఒక్క గీత. అది పటం మీద గీసే సరిహద్దు కాదు. కొండవాలు మీద గోదావరి నీరు ఎక్కడిదాకా నిలుస్తుందో చెప్పే మట్టం.

పాపికొండల నడుమ గోదావరి ఇరుకుగా, లోతుగా ప్రవహించే చోట, కుడి గట్టున వేలేరుపాడు మండలంలో ఉన్నది ఈ పల్లె. తెలుగువారిలో చాలామందికి ఇది పర్యాటక పటంలో ఒక మజిలీగానే తెలుసు. రాజమహేంద్రవరం వైపు నుంచీ, భద్రాచలం వైపు నుంచీ వచ్చే పడవలు ఇక్కడ కాసేపు ఆగుతాయి. యాత్రికులు గట్టెక్కి, శ్రీరామకృష్ణ మునివాటంలోని శివాలయాన్ని చూసి, కొండ మీది నుంచి దిగివచ్చే నీటిపాయలో ముఖం కడుక్కొని, వెదురుతో చేసిన పూలసజ్జలో, అలంకార వస్తువులో కొనుక్కొని తిరిగి పడవెక్కుతారు. ఆ ఆశ్రమాన్ని స్వామి బాలానంద 1920లలో నెలకొల్పారు. వెదురు వస్తువులు చేసి అమ్మేవారు కొండరెడ్లు. పడవలో వచ్చినవారికి ఆ ఊరు ఒక గంట. అక్కడ పుట్టినవారికి అదే లోకం.

కొండరెడ్ల మాతృభాష తెలుగే. ఆదివాసులనగానే వారి భాష వేరనీ, వారి లోకం మనకు అందదనీ అనుకొనే పట్టణ పాఠకుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వారు చెప్పేదానికి దుబాసీ అక్కరలేదు. వినేవారు ఉంటే చాలు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా దుర్బలమైన ఆదివాసీ సమూహాలుగా గుర్తించిన 75 జాతులలో వారిదీ ఒకటి. కొండవాలు మీద పోడు కొట్టి జొన్న, సామ, కంది వేసుకోవడం, వెదురు నరకడం, తేనె, చింతపండు, కరక్కాయ, అడ్డాకు సేకరించడం, గోదావరిలో చేపలు పట్టడం వారి బతుకుతెరువు. జీలుగు చెట్టు వారికి కల్లునిస్తుంది, కరవు రోజుల్లో దాని మొవ్వు తిండి అవుతుంది. గింజలు నిండుకున్న నెలల్లో మామిడి టెంకల పిండితో కాచిన అంబలి ప్రాణం నిలుపుతుంది. మామిడి కాపు వచ్చినా, కొత్త గింజ ఇంటికి చేరినా ముందు దేవతకు పెట్టి, పండుగ జరిపి ఆ తరువాతే నోట పెట్టుకుంటారు. అడవి వారికి గోదాము, వైద్యశాల, బడి, గుడి. రెవెన్యూ రికార్డులో మాత్రం అందులో అత్యధిక భాగం ప్రభుత్వ అటవీ భూమి.

పాపికొండలలోని ఈ తేమ అడవికి 2008లో జాతీయ ఉద్యానవనం హోదా లభించింది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ ఉద్యానవనంలో చెట్టుకూ, జంతువుకూ రక్షణ ఉన్నది. ఆ చెట్టు పేరు తెలిసిన మనిషికి ఎంత రక్షణ ఉన్నదన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1940ల తొలినాళ్ళలో ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ నిజాం రాజ్యంలోని ఈ కొండల్లో తిరిగి, కొండరెడ్ల జీవితాన్ని 1945లో గ్రంథంగా ప్రకటించాడు. అడవి కాంట్రాక్టర్లు, వ్యాపారులు అప్పు పేరిట వారిని ఎలా కట్టివేశారో, వెదురు, కలప నరికించి నదిలో దింపించుకొని ఎంత తక్కువ విదిలించేవారో అందులో నమోదు చేశాడు. 1970ల చివర మళ్లీ వచ్చి, మారినదేమిటో మారనిదేమిటో చూసి, 1982లో మరో పుస్తకం రాశాడు. కాకతాళీయమే కావచ్చు గానీ, ఆయన ఈ కొండల్లో తిరుగుతున్న కాలంలోనే, 1941లో, మద్రాసు ప్రెసిడెన్సీ చీఫ్ ఇంజనీరు ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ పోలవరం వద్ద గోదావరికి అడ్డుకట్ట వేయాలన్న తొలి ప్రతిపాదన చేశారు. దానికే తరువాత రామపాదసాగర్ అన్న పేరు వచ్చింది. ఒకరు ఆ కొండల్లోని మనుషుల గురించి రాసుకుంటున్నారు. మరొకరు అదే లోయలో నిలిచే నీటిని లెక్క వేస్తున్నారు. ఎనభై ఏళ్ళుగా ఈ రెండు లెక్కలూ ఒక పుటలోకి చేరలేదు.

పోలవరం అక్కరలేని ప్రాజెక్టని అనడం తేలిక, నిజాయతీ కాదు. 194 టీఎంసీలకు పైగా నిల్వ, ఏడు లక్షల ఎకరాలకు మించిన కొత్త ఆయకట్టు, కృష్ణా డెల్టాకు 80 టీఎంసీల మళ్ళింపు, విశాఖపట్నానికి తాగునీరు, 960 మెగావాట్ల జలవిద్యుత్తు: ఇవి కాగితపు మాటలని కొట్టివేయదగినవి కావు. ఎండిన కాలువ గట్టున నిలబడిన రైతుకు ఆ నీరు బతుకు. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ ప్రాజెక్టును తన గుండెకు హత్తుకుంటుంది. ఆలస్యానికి ఎదుటివారిని నిందించడం, ప్రగతికి తానే కారణమని చెప్పుకోవడం అక్కడ ఎన్నికల ఆనవాయితీగా మారింది. ఆ వాగ్యుద్ధంలో గేట్లు, స్పిల్‌వే, వరదకు దెబ్బతిన్న డయాఫ్రమ్ వాల్, బిల్లులు అందరి నోళ్ళలో నానుతాయి. నీటి కిందికి పోయే ఊళ్ళ పేర్లు ఎవరి నోటా రావు.

ఆ ఊళ్ళు కొద్ది కాదు. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. ఆ మట్టానికి నీరు నిలిస్తే 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైబడిన కుటుంబాలు కదలాలి. వారిలో ఆదివాసుల వాటా చాలా పెద్దది. తొలిదశలో 41.15 మీటర్ల దాకానే నీరు నిలుపుతామన్నది నేటి ఏర్పాటు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆ దశ పూర్తి చేయడానికి 12,157 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. రెండు అంకెల మధ్య తేడా నాలుగున్నర మీటర్లు. ఆ నాలుగున్నర మీటర్ల లోపలా వెలుపలా ఉన్న పల్లెల జీవితం ఏళ్ళ తరబడి అటూ ఇటూ కాకుండా నిలిచిపోయింది. ఈ దశలో మునగవనుకొన్న ఊళ్ళు కొన్ని, లైడార్ సర్వే తరువాత మునిగేవాటి జాబితాలో చేరాయి. ఎలాగూ మునిగే ఊరని కొత్త రోడ్డు రాదు, కొత్త బడి రాదు. ఇంకా మునగలేదు కనుక పరిహారం రాదు. ముంపు నీటితోనే మొదలవుతుందని అనుకోవడం పొరపాటు. ఊరి పేరు జాబితాకు ఎక్కిన రోజే అది మొదలవుతుంది.

అయితే నీరు జాబితాల కోసం ఆగదు. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటి ప్రవాహం అదే. వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ప్రజలు మూటాముల్లె సర్దుకొని ఎత్తైన చోట్లకు చేరుకున్నారు. ఆనకట్ట పని నదిని ఎగదన్నుతున్నదా లేదా అన్నది రెండు రాష్ట్రాల ఇంజనీర్ల మధ్య వివాదం. గుట్ట మీద టార్పాలిన్ కింద తడుస్తున్న కుటుంబానికి ఆ వివాదంలో ఏ పక్షం గెలిచినా ఆ రాత్రి గడవవలసిందే.

ఈ ఊళ్ళ రాజకీయ జాతకం మరింత విచిత్రమైనది. 2014 ఏప్రిల్ 30న వేలేరుపాడు మండల ఓటర్లు అశ్వారావుపేట శాసనసభ్యుణ్ణి ఎన్నుకోవడానికి బారులు తీరారు. సరిగ్గా నెల తిరక్కముందే, మే 29న, కేంద్రంలో కొలువుదీరి మూడు రోజులైనా నిండని కొత్త ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ముంపు గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో ఉంచాలని విభజన చట్టంలోనే ఉండగా, ఆర్డినెన్సు ఆ మండలాలనే చాలావరకు అటు చేర్చింది. జూలై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ దానికి చట్టరూపం ఇచ్చాయి. మూడో అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోరారా లేదా అన్న వాదన ఉభయసభల్లో సాగింది. ఆదివాసుల మాటను కొందరు సభ్యులు ఎత్తారు కూడా. సభ తేల్చినది మాత్రం సరిహద్దునే.

ఫలితమేమిటి? ఆ మండలాల ప్రజలు ఓటు వేసి గెలిపించిన శాసనసభ్యులు తెలంగాణ సభలో కూర్చున్నారు. వారి భూమిని సేకరించే, పరిహారం నిర్ణయించే, కాలనీ కట్టే అధికారం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చింది. ఆ ప్రభుత్వాన్ని నిలదీయడానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో వారు ఎన్నుకున్న సభ్యుడు లేడు. 2019 ఎన్నికల దాకా ఇదే స్థితి. ఇల్లూ వాకిలీ పోగొట్టుకోబోయే ప్రజలకు, సరిగ్గా ఆ నిర్ణయాలు జరిగే ఐదేళ్ళలో, తమను పాలించే సభలో నోరు లేకపోవడం ప్రజాస్వామ్య చరిత్రలో చిన్న విషయం కాదు. కానీ ఢిల్లీలో దాని మీద పెద్ద చర్చేమీ లేవలేదు. ఏడు మండలాల ఓట్లు ఏ ప్రభుత్వాన్నీ నిలపలేవు, కూల్చలేవు.

రాజ్యాంగం ఈ ఊరిని గాలికి వదిలేసిందా అంటే అదీ కాదు. 244వ అధికరణం, ఐదో షెడ్యూలు షెడ్యూల్డు ప్రాంతాలకు గవర్నరు ద్వారా ప్రత్యేక రక్షణ కల్పించాయి. 1/70 నిబంధన ప్రకారం అక్కడ గిరిజనేతరుడు గిరిజనుడి వద్ద ఒక సెంటు భూమి కూడా కొనలేడు. అభివృద్ధి ప్రాజెక్టుకు భూమి తీసుకొనే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెప్పింది. దుర్బల సమూహాలకు తమ ఆవాసం మీద సామూహిక హక్కు ఉన్నదని 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూసేకరణ చిట్టచివరి మార్గం కావాలనీ, గ్రామసభ ముందస్తు సమ్మతి తప్పదనీ 2013 నాటి భూసేకరణ చట్టం స్పష్టంగా రాసింది. ఇన్ని కవచాలు ఉన్న పల్లె దేశంలో మరొకటి ఉండదేమో అనిపిస్తుంది.

తేదీలను వరుసలో పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 150 అడుగుల మట్టానికి రాష్ట్రాలు ఒప్పుకొన్నది 1980లో, బచావత్ ట్రైబ్యునల్ ఎదుట. పెసా వచ్చింది ఆ తరువాత 16 ఏళ్ళకు. అటవీ హక్కుల చట్టం 26 ఏళ్ళకు. కొత్త భూసేకరణ చట్టం 33 ఏళ్ళకు. ఊరిని అడగాలన్న చట్టాలన్నీ ఊరి సంగతి తేలిపోయాక పుట్టాయి. ఎత్తు ఖాయమై, కాంట్రాక్టు ఇచ్చి, కాంక్రీటు పోశాక జరిపే గ్రామసభలో ఊరు తేల్చగలిగేది ఎప్పుడు పోవాలి, ఎంత పుచ్చుకోవాలి అన్న రెండే మాటలు. పోవాలా వద్దా అన్నది ఆ సభ ముందుకు రాదు.

ఈ చట్టాల పేర్లు, సెక్షన్లు, సంవత్సరాలు తడుముకోకుండా అప్పజెప్పగల యువతీయువకులు ఢిల్లీలో ఒకచోట గుంపులుగా కనిపిస్తారు. అది కరోల్ బాగ్. దానిని ఆనుకొని ఉన్న పాత రాజేందర్ నగర్‌తో కలిపి చూస్తే, సివిల్ సర్వీసెస్ శిక్షణకు దేశంలోనే పేరుపడ్డ పేట. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ ఏటా వందల మంది వచ్చి ఇరుకు గదుల్లో అద్దెకుండి చదువుతారు. ఐదో షెడ్యూలు వారికి పది మార్కుల ప్రశ్న. పోలవరం అంతర్రాష్ట్ర జలవివాదానికి ఉదాహరణ. వారిలో కొందరు రేపు సబ్‌కలెక్టర్లుగా, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారులుగా ఈ కొండలకే రావచ్చు. వారి చదువులో లోపమేమీ లేదు. కానీ వారు నిత్యం నడిచే ఆ వీధుల చరిత్ర సిలబస్‌లో లేదు.

కరోల్ బాగ్ కూడా ఊళ్ళు పోగొట్టుకున్నవారు నిలబెట్టిన చోటే. 1911లో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు బ్రిటిష్ చక్రవర్తి ప్రకటించాడు. కొత్త నగరానికి స్థలం కావలసి వచ్చింది. నేటి కన్నాట్ ప్లేస్, దాని పరిసరాల్లో మాధోగంజ్, జైసింగ్‌పురా, రాజా కా బజార్ అనే పల్లెలు ఉండేవి. 1920లలో వాటిని ఖాళీ చేయించి, అక్కడివారిని పడమటి దిక్కున రాళ్ళూ తుప్పలూ నిండిన కరోల్ బాగ్‌కు తరలించారు. 1947 తరువాత పశ్చిమ పంజాబు నుంచి వచ్చిన కాందిశీకులూ అక్కడ తలదాచుకున్నారు. నేడది దేశంలో పేరెన్నిక గన్న బజారు. జైసింగ్ పేరు ఒక రోడ్డుకు మిగిలింది. ఆయన పేరిట వెలసిన ఊరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

దీన్ని చూపి, విస్థాపన చివరికి మేలే చేస్తుందని వాదించేవారు ఉంటారు. ఆ వాదనలో ఒక పొరపాటు దాగి ఉన్నది. మాధోగంజ్ నుంచి కదిలినవాడు కొద్ది మైళ్ళు మాత్రమే కదిలాడు. అదే నగరం, అదే నుడి, అదే సంత. చేతిపని తెలిసినవాడు తన పనిముట్లతో పాటు పనినీ తీసుకువెళ్ళగలిగాడు. పేరంటాలపల్లి కొండరెడ్డి తన గొడ్డలినీ కత్తినీ తీసుకువెళ్ళగలడు. వెదురు పొదను తీసుకువెళ్ళలేడు. మెట్ట భూముల్లో వరుసగా కట్టిన పునరావాస కాలనీలో పక్కా గోడ, కరెంటు, పంపు నీరు ఉండవచ్చు. వాటిని తక్కువ చేసి మాట్లాడనక్కరలేదు. కొండల్లో జ్వరానికి మందు దొరకక, వరదకు పడవ రాక చనిపోయేవారి ఇళ్ళలో వాటి విలువ తెలుసు. అయితే ఆ కాలనీలో అడవి ఉండదు. జీలుగు ఉండదు, పోడు ఉండదు, చేపల వల వేసే రేవు ఉండదు. పరిహారపు డబ్బు అయిపోయాక మిగిలేది అక్కడి రైతుల పొలాల్లో కూలి. నిన్న అడవికి వారసుడైనవాడు నేడు మరొకరి గట్టున కూలివాడు అవుతాడు. అతడి ఇల్లు లెక్కకు వచ్చింది, పట్టా ఉంటే భూమి లెక్కకు వచ్చింది. పట్టా లేని పోడు, పేరు లేని వాగు, తాతలు పూజించిన చెట్టు ఏ కాలమ్‌లోనూ పట్టలేదు.

ఢిల్లీ ఒక చేత్తో ఇచ్చేది మరో చేతికి తెలియదు. 2023 నవంబరు 15న కేంద్రం దుర్బల సమూహాల కోసం పీఎం జన్‌మన్ పథకాన్ని ఆరంభించింది. కేటాయింపు 24 వేల కోట్ల రూపాయలకు పైమాటే. పక్కా ఇల్లు, రోడ్డు, మంచినీరు, అంగన్‌వాడీ అందులోని హామీలు. అవే సమూహాలలో ఒకటైన కొండరెడ్ల పల్లెలు, అదే కేంద్రం సొమ్ముతో కడుతున్న జాతీయ ప్రాజెక్టు కింద మునుగుతున్నాయి. ఒక మంత్రిత్వశాఖ ఇంటికి శంకుస్థాపన చేస్తున్నది, మరొకటి ఇంటికి నీటిమట్టం రాస్తున్నది. ఈ రెంటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు.

అక్కరలేదు ఎందుకంటే ఉన్న చట్టమే చాలు. ఆదివాసులను వీలైనంతవరకు అదే షెడ్యూల్డు ప్రాంతంలో, ఊరంతా ఒక్కచోట ఉండేలా, వారి సంస్కృతీ భాషా చెదరకుండా నిలపాలని 2013 చట్టమే చెబుతున్నది. నీటిపారుదల ప్రాజెక్టులో భూమి పోయిన ఆదివాసికి పోయినంత భూమి గానీ, రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది భూమి రూపంలోనే ఇవ్వాలని ఉన్నది. అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులను ముందు తేల్చి, ఆ పిమ్మట వాటికి విలువ కట్టాలని ఉన్నది. షెడ్యూల్డు ప్రాంతం వెలుపలికి పంపినా రక్షణలు వెంట నడవాలని ఉన్నది. రెండో దశకు నీరు నిలిపే ముందు ఈ నాలుగు మాటలూ ఊరూరా అమలయ్యాయని గ్రామసభ చేత చెప్పించడం అసాధ్యమైన పని కాదు. ఆనకట్టకు గేటు బిగించే ముందు ఇంజనీరు ధ్రువపత్రం అడుగుతారు. ఊరి ధ్రువపత్రం కూడా అడగవచ్చు.

పార్లమెంటులో పోలవరం మీద వచ్చే ప్రశ్నలు ఎప్పుడూ ఒకే మూసలో ఉంటాయి: ఎంత శాతం పూర్తయింది, ఎన్ని కోట్లు ఇచ్చారు, ఎప్పటికి ముగుస్తుంది. రెండు రాష్ట్రాల సభ్యులకూ ఆ అంకెలు కంఠతా వచ్చు. వారిలో ఒక్కరైనా లేచి, కదిలించిన ప్రతి కొండరెడ్డి పల్లెకు అడవి అంచున భూమి దొరికిందా, దొరకకపోతే ఏ అధికారి ఏ తేదీన లేదన్నారు అని అడిగితే, ప్రభుత్వం రాతపూర్వకంగా జవాబు చెప్పవలసి వస్తుంది. ఆ జవాబులో పేరంటాలపల్లి పేరు అచ్చుకావాలి. తెలుగు పల్లెల్లో పేరంటాలు అంటే పసుపు కుంకుమలతో పిలిచి గౌరవించే ఆడపడుచు. కొన్నిచోట్ల మరణించాక దేవతగా కొలిచే తల్లి కూడా. ఆ పేరు పెట్టుకున్న ఊరిని పిలిచి అడగకుండా పంపించివేయడం తెలుగువారి మర్యాద కాదు, రాజ్యాంగం నేర్పిన పద్ధతీ కాదు.